మాస్టారి ఫిర్యాదులు

తోడల్లుళ్ళిద్దరూ వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్ళే కావడం ఆ ఇంటికి వచ్చిన చిక్కు.

పెళ్ళైన కొత్తలో పెద్దల్లుడు మామగారి మొక్కల నర్సరీకి సొంతంగా ఒక సైటు చేసిపెట్టాడు. తెరవగానే నల్లటి తెరమీద ఒక మొగ్గ తీరిగ్గా విచ్చుకునేది. మొక్కల బొమ్మలమీద మౌస్ బాణంగుర్తు పెడితేనే పేర్లు పైకి తేలేవి. తోటి డిజైనర్లు భేష్ అన్నారు. కొనేవాళ్ళు మాత్రం మొగ్గ సగం విచ్చుకునేలోపే వెళ్ళిపోయేవారు. ఫోన్లో చూసేవాళ్ళకు బాణంగుర్తే ఉండదు కనుక పేర్లూ కనిపించేవి కావు.

"బాబూ, ధర ఎక్కడుందని రోజంతా ఒకటే ఫోన్లు" అని మామగారు నసిగితే, "జనానికి అలవాటవ్వాలి మామయ్యగారూ" అనేవాడు.

తర్వాత రెండో కూతురి పెళ్ళయింది, చిన్నల్లుడు వచ్చాడు. అతను నర్సరీ కౌంటర్ పక్కన కూర్చుని, వచ్చినవాళ్ళచేత వాళ్ళ ఫోన్లలోనే సైటు తెరిపించి, బొటనవేలు ఎక్కడ తడబడుతోందో గమనించాడు. ఆపైన మొత్తం మార్చేశాడు. తెల్లటి పేజీ, మొక్క ఫోటో, పేరు, ధర, ఎండ కావాలో నీడ కావాలో ఒక్క మాట, కింద పెద్ద బటన్. అంతే. ధర అడిగే ఫోన్లు ఆగిపోయాయి, ఆర్డర్లు ఊపందుకున్నాయి.

తన సైటు పోయిన సంగతి పెద్దల్లుడికి ఎవరూ చెప్పలేదు. ఎవరికో గొప్పగా చూపించబోతూ తెరిస్తే మొగ్గ లేదు.

"చిన్నబాబు చెయ్యి పడింది, నర్సరీ దశ తిరిగింది" అని అత్తగారు అన్నప్పుడల్లా అతను విననట్టు లేచి వెళ్ళిపోయేవాడు.

"సైటా అది? కరపత్రం!" అన్నాడు భార్యతో.

"కరపత్రమైతేనేం, అందరూ చదువుతున్నారుగా" అంది ఆవిడ.

పుండుమీద కారం చల్లినట్టయింది. మర్నాడు ఆఫీసులో భోజనాల వేళ సైటు తెరిచి, అభిప్రాయాలు రాసేచోట 'రిటైరైన మాస్టారు' అని పేరు పెట్టుకుని ఒక ఫిర్యాదు పడేశాడు. 'అక్షరాలు చీమల్లా ఉన్నాయి. మాలాంటి పెద్దవాళ్ళు మనుషులు కారా? చేతకానివాడి పని.'

సాయంత్రానికి జవాబొచ్చింది. 'క్షమించండి మాస్టారూ. ఇప్పుడు చూడండి.' అక్షరాలు పెద్దవయ్యాయి. ఆ వారం పెద్దవయసువాళ్ళ ఆర్డర్లు పెరిగాయని మామగారు సంబరపడ్డారు.

పెద్దల్లుడికి ఒళ్ళు మండింది. కావాలని తప్పు అంకెలు కొట్టి చూశాడు. ఫోన్ నంబరులో ఒక్క అంకె తప్పితే రాసిన చిరునామా అంతా చెరిగిపోతోంది. దొరికిపోయాడు అనుకుని ఘాటుగా రాశాడు. అదీ సరైపోయింది. ఫోటోలో మొక్క చెట్టంత కనిపిస్తోంది, తీరా ఇంటికొచ్చేది ఎంతో తెలియడం లేదని ఇంకోసారి విరుచుకుపడితే, ప్రతి మొక్క పక్కనా ఒక మనిషి చెయ్యి కనిపించేలా మళ్ళీ ఫోటోలు తీయించి పెట్టాడు చిన్నల్లుడు. మాస్టారు తిట్టినకొద్దీ సైటు నిగ్గుతేలింది.

ఒక ఆదివారం అందరూ అత్తగారింట్లో భోజనానికి కూర్చున్నారు. అత్తగారు మళ్ళీ చిన్నబాబును పొగిడింది.

"నాదేముంది అత్తయ్యా, తప్పులు పట్టి రాసే ఆ మాస్టారి చలవే అంతా" అన్నాడు చిన్నల్లుడు.

"ఎవరో మహానుభావుడు! ఒకసారి భోజనానికి పిలు నాయనా. ఆయన దగ్గర కూర్చుంటే మన పెద్దబాబు కూడా నాలుగు విషయాలు నేర్చుకుంటారు" అంది అత్తగారు.

ఇన్నాళ్ళూ తోడల్లుడిని చూసి కుళ్ళుకున్నవాడికి ఇప్పుడు తను పుట్టించిన ముసలాయనమీదే కుళ్ళు పుట్టింది.

"ఆ మాస్టారు నేనే!" అని అరిచాడు.

భార్య తల దించుకుంది. చిన్నల్లుడి మొహం పాలిపోయింది.

"చేతకానివాడి పని అన్నారు కదన్నయ్యా. ఆ రోజు నాకు ముద్ద దిగలేదు."

"ఏడుపుతో రాశాను" అన్నాడు పెద్దల్లుడు. "నాది తీసేసి నీది పెట్టారు. ఒక్కళ్ళైనా నాకో మాట చెప్పారా?"

"చెప్పాల్సింది నేను. మొహమాటంకొద్దీ ఊరుకున్నాను" అన్నారు మామగారు.

చిన్నల్లుడు చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. చాలాకాలం ఇద్దరికీ మాటల్లేవు. పెద్దల్లుడు రెండుమూడుసార్లు ఫోన్ చేయబోయి మానుకున్నాడు. చివరికి చిన్నల్లుడే కబురు పెట్టాడు. 'నీడలో పెరిగే మొక్కలకు కొత్త పేజీ చేశాను. వచ్చి తిట్టండి. ఈసారి మీ పేరుతోనే.'

పెద్దల్లుడు వెళ్ళాడు. కౌంటర్ దగ్గర ఒకావిడ ఫోన్లో ఆ పేజీ చూస్తోంది. ఆమె వేలు ఎక్కడా ఆగలేదు. ఇట్టే మొక్క ఎంచుకుని, తనలో తను నవ్వుకుంది. పెద్దల్లుడికి తన మొగ్గను చూసి ఎవరూ అలా నవ్విన గుర్తు లేదు. గుండెలో మళ్ళీ కలుక్కుమంది.

"ఎలా ఉందన్నయ్యా?" అన్నాడు చిన్నల్లుడు, కౌంటర్ మీది కంప్యూటర్లో అదే పేజీ తెరిచి కుర్చీ చూపిస్తూ.

"వెతికాను" అన్నాడు, పేజీని పైనుంచి కిందికి రెండుసార్లు చూసి. "తప్పేం దొరకలేదు."

"అబ్బ, ఆ ముక్క అనడానికి ఎంత కష్టపడ్డారు!" అని నవ్వాడు చిన్నల్లుడు.

పెద్దల్లుడికి నవ్వు రాలేదు. కుర్చీ మాత్రం తెరకు మరికాస్త దగ్గరగా లాక్కున్నాడు.