ఉరమని శుక్రవారం

వాకాడు అవతల సముద్రం ఒడ్డున వనజాక్షి పొద్దున్నే చేపలు చీల్చి, ఉప్పు రాసి, ఇసుకలో పాతవల పరిచి ఎండేసేది. చేతులు ఆ పనిలో ఉన్నా ధ్యాసంతా నెల్లూరు హాస్టల్లో చదివే కూతురు ధనలక్ష్మి మీదే. తిన్నదో లేదో, తల దువ్వుకున్నదో లేదో. బుధవారం, ఆదివారం ఫోన్ దొరికేది. ఆ పది నిమిషాల్లోనే పిల్లని పెంచాలి.

ఆ నెల పిల్లకి ఆస్టానిష్ అనే ఇంగ్లీషు మాట ఇచ్చారు. దాని అర్థం, పుట్టుక బడిలో అందరి ముందూ నిలబడి చెప్పాలి. ఏడాదిగా నలుగురిలో నోరు విప్పని పిల్ల. ఈసారీ విప్పకపోతే సీటు ఉండదన్నారు. ఇంక చేపల దగ్గరికే.

"లాటిన్‌లో ఉరుము నుంచి పుట్టిందంటమా. పిడుగు దగ్గర్లో పడితే నోట మాట రాదే, ముందు అదంట అర్థం. పోనుపోను ఉత్త ఆశ్చర్యం అయిపోయింది," అని ఫోన్లో చెప్పింది ధనలక్ష్మి. "నాకు మాత్రం ఎప్పుడూ ముందు అర్థమే."

ఫోన్లో పిల్ల ఆ మాట పలికినప్పుడల్లా ఇక్కడ మబ్బు లేకుండానే ఉరిమేది. వెంటనే నాలుగు చినుకులు. ఆడవాళ్ళు గొణుక్కుంటూ చేపలు ఎత్తిపెట్టుకునేవాళ్ళు. అందరి చేపలూ తనవల్లే పాడవుతున్నాయని వనజాక్షికి నిద్ర పట్టేది కాదు. శుక్రవారం పదకొండింటికి పిల్ల చెప్పాలని, ఆ పూట ఎండేయొద్దని ఇంటింటికీ తిరిగి బతిమాలింది.

"నీ కూతురు చదువుకి మా చేపలు మురగాలా మే?" అన్నది పక్కింటి కామాక్షమ్మ. అయినా ఎండేయలేదు.

శుక్రవారం పదకొండు దాటింది. ఒడ్డున అందరూ ఆకాశం చూస్తూ నిలబడ్డారు. పావుగంటైనా చప్పుడు లేదు. పిల్ల అక్కడ నోరు మూసుకుని నిలబడి ఉందని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

కామాక్షమ్మ విసుగ్గా కొంగు దులిపి, "అర్జునా, ఫల్గుణా," అన్నది. ఉరిమినాక భయం పోవడానికి అనుకునే పేర్లవి.

"ఇంకా ఉరమలేదు గదక్కా," అన్నది వనజాక్షి.

"మనం అనేసినాం గదా. ఇంక అది ఉరమాల్సిందే."

మిగతావాళ్ళూ అలిసిన గొంతులతో అందుకున్నారు. పార్థా, కిరీటీ, శ్వేతవాహనా. ఆ పేర్లు మూడోసారి తిరగేసేసరికి ఉత్తరాన, నెల్లూరు వైపు, ఏదో కదిలింది. సన్నగా ఉరిమింది. ఆగింది. మళ్ళీ, ఈసారి గట్టిగా, వరసగా. చినుకులు పడుతున్నా ఎవరూ ఇళ్ళలోకి పోలేదు.

"పిల్ల ఇంక ఎక్కడా తడబడలేదు మే," అన్నది కామాక్షమ్మ, చెవి అటే పెట్టి.

వనజాక్షి తడి ఇసుకలో కూర్చుంది. పొద్దుటి నుంచీ నిలబడే ఉన్నానని అప్పుడు తెలిసింది ఆమెకి.