తృప్తి నాది, చేతులు వదినవి

నేను దేవుడికి కృతజ్ఞత చెప్పడం మానలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా చర్చి సంఘంలో సగంమంది నేను దారి తప్పానని అనుకుంటున్నారు. అనుకోనివ్వండి. లోకులు పలుగాకులని ఊరికే అన్నారా!

ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే లాండ్రీలో నాది వేడి రోలర్ దగ్గర పని. తడి దుప్పటి అంచు పట్టుకుని లోపలికి అందిస్తే అవతలివైపు సాపుగా ఆరి వస్తుంది. రోలర్ ముందు ఒక అడ్డు కడ్డీ ఉండేది. వేళ్లు దానికి తగిలితే మిషన్ దానంతటదే ఆగిపోతుంది. మాటిమాటికీ ఆగుతోందని, పని సాగడంలేదని మేనేజరు దాన్ని విప్పించి ఓ మూల పడేయించాడు. నెల తిరక్కుండానే నా కుడిచెయ్యి లోపలికి పోయింది. పక్కన మడతలు పెడుతున్న వదిన పరుగున వచ్చి స్విచ్ ఆపబట్టి చెయ్యి దక్కింది. రెండు వేళ్లు మాత్రం ఇక వంగవు. ఆ వదిన మా అన్న భార్య. అన్న పోయినప్పటినుంచీ నాతోనే ఉంటోంది.

మేనేజరే మా సంఘపెద్ద కూడా. ప్రార్థనలో ఎవరేమన్నా సరే, కళ్లు మూసుకుని అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా "ఆమేన్" అంటాడు. చాటున మేమంతా ఆయన్ని ఆమేన్ సార్ అనే పిలుచుకుంటాం.

శనివారం ఆయన మా ఇంటికొచ్చాడు. పళ్ల సంచీ బల్లమీద పెట్టాడు.

"రేపు ఆరాధనలో సాక్ష్యం చెప్పమ్మా. దేవుడు నీ చెయ్యి పోకుండా కాపాడాడు కదా! ఉన్నదాంతో తృప్తిగా ఉన్నానని చెప్పు. నిన్ను చూసైనా మిగతావాళ్లు సణగడం మానేస్తారు."

"కడ్డీ మళ్లీ బిగించారా సార్?"

"అదంతా మెల్లగా చూద్దాంలే. సోమవారం నుంచి నీ చోట మీ వదిన నిలబడుతుంది. చురుకైన మనిషి."

ఆయన వెళ్లాక వదిన పళ్లు కడుగుతూ నవ్వింది. "నా వేళ్లు నీవాటికంటే పొట్టివిలే. దానికి అందవు."

"ఊరుకో వదినా, ఇందులో నవ్వడానికేముంది?" అన్నాను. నాకు కోపం నషాళానికి అంటింది. తృప్తి అంటే ఏమిటో నాకు ఈయన నేర్పాలా? ఇరవై ఏళ్లుగా ఒక్క గది ఇంట్లో రోజూ పొద్దున్నే మోకరించి స్తోత్రం చెప్పుకుంటున్నదాన్ని. చెరసాలలో కూర్చుని తృప్తి గురించి రాసిన అపొస్తలుడు ఆ మాట తన గురించి తనే రాసుకున్నాడు. జైలరు వచ్చి రాయించలేదు.

ఆదివారం పాస్టరు అయ్యగారు నన్ను ముందుకు పిలిచారు. కట్టు కట్టిన చెయ్యి పైకెత్తాను.

"నా ప్రాణం దక్కించినందుకు దేవునికి స్తోత్రం."

"ఆమేన్!" అన్నాడు మొదటి వరసలోంచి ఆమేన్ సార్.

"సమయానికి మా వదినను పంపినందుకు స్తోత్రం."

"ఆమేన్!"

"నాకున్న గది చాలు. నాకున్న కూడు చాలు. ఈ చేతికి మిగిలిన మూడు వేళ్లూ నాకు చాలు."

"ఆమేన్! ఆమేన్!"

"మా వదినకు మాత్రం పది వేళ్లూ కావాలి. అడ్డు కడ్డీ బిగించేదాకా ఆ రోలర్ తిరగకూడదు."

"ఆమేన్!"

ఆయన కళ్లు తెరిచేసరికి సంఘమంతా ఆయన్నే చూస్తోంది. వెనక బెంచీల్లోంచి లాండ్రీ ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి "ఆమేన్" అన్నారు. ఆయన ముఖం కందగడ్డలా అయింది. ఆయన్ని ఇరికించాలని నేను ఆ మాట అనలేదు. వింటున్నాడనే అనుకున్నాను. ఇన్నేళ్లూ వినకుండానే అంటున్నాడని అప్పుడే తెలిసింది.

సోమవారానికల్లా కడ్డీ బిగించి ఉంది. అంతమంది విన్న మాట మరి, వెనక్కి తీసుకోవడానికి లేదు. వదిన చేసే మడతల పనైనా చేద్దామని వెళ్లిన నన్ను మాత్రం గేటు దగ్గరే ఆపేశాడు.

"నీకిక ఇక్కడ పనిలేదు. అన్నీ చాలన్నావుగా, ఇంట్లో కూర్చో. ఇప్పుడు చెప్పు చూద్దాం స్తోత్రం!"

"దేవునికి స్తోత్రం," అన్నాను, లోపల మిషన్ల దగ్గరున్నవాళ్లకు కూడా వినబడేలా. "మీకు మాత్రం కాదు సార్."

భయం వేయలేదంటే అబద్ధమవుతుంది. ఇంటికొచ్చేదాకా ఒకటే ఆలోచన. మూడు వేళ్ల మనిషికి ఎవరు పనిస్తారు?

సాయంత్రం వదిన చెప్పులైనా విప్పకుండా, "రేపట్నుంచి నేనూ మానేస్తా," అంది.

"మానేశావంటే నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. బుద్ధిగా వెళ్లు."

వదిన కళ్లు తుడుచుకుని, అన్నం కలిపి ముద్ద నా నోటికి అందించింది. ఒక్క కాలిన మచ్చ కూడా లేని చెయ్యి. ఆకలిగా తిన్నాను. అంత రుచిగా తిని చాలా రోజులైంది.

"రేపటి సంగతేంటి?" అంది.

"తండ్రి చూసుకుంటాడు."

"చూసుకోకపోతే?"

"అడుగుతాను. సార్‌నే అడిగినదాన్ని, నా తండ్రిని అడగడానికి నాకు భయమేంటి?"