పెద్ద మేడమ్ నోరు మూసుకున్న నిమిషం

మా నర్సింగ్ కాలేజీకి అల్లుడొచ్చాడు. నిజం అల్లుడు కాదు లెండి, బొమ్మ. మనిషంత పొడవు, మనిషంత బరువు, ఒంటికి రబ్బరు తోలు. ఊపిరి పీలుస్తాడు, కళ్ళార్పుతాడు, మీట నొక్కితే చెమటలు కూడా కారుస్తాడు. వాడికొక ఏసీ గది, కొత్త మంచం, ఉతికిన దుప్పట్లు. మా స్టాఫ్ రూములో ఫ్యాను తిరగడం మానేసి ఎన్నాళ్ళయినా అడిగే దిక్కు లేదు గాని, వీడి గదిలో కాస్త ఉక్కపోస్తే చాలు, ప్రిన్సిపాల్ గారు పరుగెత్తుకొచ్చేస్తారు. ఇన్ని మర్యాదలు అల్లుడికి కాక ఇంకెవరికి జరుగుతాయి? అందుకే ఆ పేరు పెట్టాను. పిల్లలు వెంటనే పట్టేసుకున్నారు.

నన్ను కాలేజీలో పెద్ద మేడమ్ అంటారు. అల్లుడి గదికి ఇన్‌చార్జి ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్లే. ఆమె చిన్న మేడమ్. కొత్త పద్ధతులన్నీ నేర్చుకునొచ్చి నాకు నేర్పే పని పెట్టుకుంది, పాపం.

పద్ధతిని నేను కాదనను. పిల్లలు ముందు బొమ్మ మీద చెయ్యి తిప్పుకుని, ఆ తర్వాతే వార్డులో మనుషుల జోలికి వెళ్ళాలి. మంచిదే. నేను మొట్టమొదటి సూది గుచ్చింది ఒక పోస్ట్‌మ్యాన్‌కి. ఆయన అరిచిన అరుపు నాకింకా చెవుల్లో ఉంది. నా గొడవల్లా అల్లుడి గొంతుతోనే. వాడు మాట్లాడాలంటే అద్దాల గదిలో మైకు ముందు ఓ టీచరు కూర్చుని రోగిలా మాట్లాడాలి. ఆ పని నాకు పడింది. అందులో ఒక నియమం ఉంది.

"రోగికి పాఠం తెలీదు మేడమ్," అంది చిన్న మేడమ్. "నొప్పి తెలుసు, భయం తెలుసు, అంతే. పిల్లలు తప్పు చేసినా మీరు చెప్పకూడదు. అంతా అయ్యాక కూర్చోబెట్టి, 'అప్పుడు నీకేమనిపించింది' అని అడగాలి. వాళ్ళ తప్పు వాళ్ళ నోటితోనే రావాలి."

"వచ్చేదాకా నేనేం చెయ్యాలి?"

"నోరు మూసుకోవాలి మేడమ్," అని నాలుక కరుచుకుంది.

మొదటి రోజు మొదటి పిల్ల లోపలికొచ్చి, చేతులు కడుక్కోకుండానే అల్లుడి మణికట్టు పట్టుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "చేతులు కడుక్కున్నావా? ఎక్కడెక్కడ పెట్టొచ్చావో ఆ చేతులు!" అన్నాడు అల్లుడు. పిల్ల కెవ్వుమని బీపీ మిషను కింద పడేసింది. రెండో పిల్లని, "సూది పట్టుకున్నావా, గునపం పట్టుకున్నావా?" అన్నాడు. మూడో పిల్ల మొహం చూసి, "అంత ఏడుపు మొహంతో వస్తే నేను బతుకుతానా?" అన్నాడు. వారం తిరిగేసరికి పిల్లలు అల్లుడి గదిలోకి వెళ్ళేముందు ఒకళ్ళనొకళ్ళు ముందుకు తోసుకుంటున్నారు. నాకు భయపడనివాళ్ళు కూడా ఆ బొమ్మకి భయపడటం మొదలుపెట్టారు.

ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిపించారు. వచ్చే నెల బయటి నుంచి పరీక్షాధికారి వస్తారు, పరీక్ష కొత్త పద్ధతిలోనే జరుగుతుంది, ఒక మంచం దగ్గర రోగి గొంతు మీదే అన్నారు. చివరిదాకా రోగిగా ఉండగలిగితే క్లాసులో ఉంటారు, మధ్యలో టీచరైపోతే స్టోర్స్‌కి పంపక తప్పదన్నారు.

"స్టోర్స్ కూడా మంచిదే మేడమ్. ప్రశాంతంగా ఉంటుంది."

ప్రశాంతంగా ఉండక ఏం చేస్తుంది! అక్కడుండేవి దూది, బ్యాండేజీలు. దూది ఉండలకి నేనేం పాఠం చెప్పను? క్లాసు లేకపోతే నేను లేను. ఈ మాట ఎవరి దగ్గరా అనలేదు గాని ఆ రోజు నుంచి నాకు తిండి సహించలేదు.

ఇంట్లో సాధన మొదలుపెట్టాను. మా ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తారు. మిషను ముందు కూర్చుంటే పక్కన ఇల్లు కాలిపోతున్నా తెలీదు. ఓ పొద్దున పాలు పెట్టి చూస్తుండమన్నాను. పాలన్నీ పొంగి పొయ్యిపాలయ్యాయి. నోటిదాకా వచ్చినదంతా మింగి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా నేను కూర్చున్నాను.

"పాలు పొంగినప్పుడు మీకేమనిపించింది?"

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఏమైందే? డాక్టరేమన్నా చెప్పాడా?"

"ఏం లేదు. ఊరికే అడుగుతున్నా. చెప్పండి."

"తిట్టెయ్యవే బాబూ! ఇది నేను పడలేను." అని నా మొహంలోకి చూసి, "బీపీ మాత్ర వేసుకున్నావా?" అన్నారు.

"ఆ," అన్నాను. వేసుకోలేదు. ఆ మాత్రతో కాళ్ళు వాస్తున్నాయని ఎప్పుడో మానేశాను. పొద్దస్తమానం నిలబడి పాఠం చెప్పేదాన్ని, వాచిన కాళ్ళతో ఎలా చచ్చేది? అయినా నర్సులకి పాఠం చెప్పే నర్సుని, నాకు తెలియదా?

ఇక నత్త సంగతి చెప్పాలి. ఆఖరి ఏడాది చదువుతున్న పిల్ల. ఆ పేరు కూడా నేను పెట్టిందే. నడక నెమ్మది, మాట నెమ్మది, ఆఖరికి తుమ్ము కూడా నెమ్మదే. మిగతావాళ్ళు పావు నిమిషం నాడి చూసి, నాలుగుతో గుణించి రాసేసుకుంటారు. ఇది మాత్రం పెదాలు కదుపుకుంటూ నిమిషమంతా లెక్కపెడుతుంది. "నువ్వు నాడి చూసేలోపు రోగికి జబ్బు తగ్గి ఇంటికెళ్ళిపోతాడే!" అనేదాన్ని. "సరే మేడమ్," అని, నా మాటలతో లెక్క తప్పింది కాబట్టి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేది.

పరీక్ష రోజు రానే వచ్చింది. పొద్దున్నే అల్లుడు చేతులెత్తేశాడు. లోపల గాలి మిషను బుస్సుమని ఆగిపోయింది. దవడ వేలాడేసి, ఒక కన్ను తెరిచి ఒక కన్ను మూసి పడుకున్నాడు. పరీక్షాధికారి అప్పటికే ప్రిన్సిపాల్ గదిలో టీ తాగుతున్నారు. చిన్న మేడమ్ తల పట్టుకుని కూర్చుని, ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

"మేడమ్, ఈ పద్ధతిలో మనుషులు కూడా రోగుల్లా నటించొచ్చు. గొంతు ఎలాగూ మీదే కదా. ఆ మంచం మీద మీరే పడుకోండి."

అల్లుణ్ణి ఇద్దరం ఈడ్చి పరదా వెనక పడేశాం. ఒక కాలు బయటికే ఉండిపోయింది. వాడి ఆకుపచ్చ గౌను నేను తొడుక్కున్నాను. కాలికి ఆపరేషనయ్యి రెండో రోజు, కాస్త నొప్పి తప్ప మిగతావన్నీ సవ్యంగా ఉన్న రోగిని నేను. పరీక్షాధికారి మార్కుల కాగితంతో నా కాళ్ళ దగ్గర నిలబడ్డారు. నెమ్మదైన మనిషి, ఆవిడ మెడలో గొలుసుకి కళ్ళజోడు వేలాడుతోంది. గుమ్మంలో ప్రిన్సిపాల్ గారు, అద్దం వెనక చిన్న మేడమ్. ఒక్కొక్క పిల్లకి గంట మోగేదాకా సమయం.

పడుకుని కింద నుంచి చూస్తే ఎవరైనా కొండంత ఎత్తు కనిపిస్తారని నాకప్పుడే తెలిసింది. ఒక పిల్ల చల్లటి చేతులతో పట్టుకుంటే ఉలిక్కిపడ్డాను. ఇంకొక పిల్ల నా మొహమైనా చూడకుండా నాడి రాసేసుకుంది. గోళ్ళు అరచేతిలో గుచ్చుకుని ఊరుకున్నాను. "నొప్పిగా ఉందమ్మా" తప్ప ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడలేదు. గుమ్మంలో ప్రిన్సిపాల్ గారి కళ్ళు పెద్దవయ్యాయి.

అందరికన్నా ఆఖర్న నత్త వచ్చింది. చేతులు కడుక్కుంది. అరచేతులు రుద్దుకుని వెచ్చబరుచుకుంది. పేరడిగి, మణికట్టుకున్న పట్టీ మీద పేరుతో సరిచూసుకుంది. అప్పుడు నాడి పట్టుకుంది. పెదాలు కదులుతున్నాయి. గంట మోగింది.

"అయిపోయిందమ్మా, వెళ్ళొచ్చు," అన్నారు పరీక్షాధికారి.

"ఇంకా అవలేదండీ," అంది నత్త.

ఒసేయ్ నత్తా, వెళ్ళవే! అని లోపల్లోపల అరుస్తున్నాను. అది వెళ్ళలేదు. లెక్క పూర్తి చేసి తలెత్తింది. "నాడి సరిగ్గా లేదండీ. కాస్త వేగంగా ఉంది. మధ్యమధ్యలో ఒక దెబ్బ తప్పుతోంది."

పరీక్షాధికారి కళ్ళజోడు పెట్టుకుని కాగితం చూశారు. "నీకంటే ముందొచ్చిన వాళ్ళంతా సవ్యంగా ఉందనే రాశారు. నా కాగితంలోనూ అలాగే ఉంది. పోనీ, మార్చుకుంటావా?"

నత్త తల అడ్డంగా ఊపింది. "మార్చుకోనండీ."

నా గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే అది చెప్పింది నిజం. కొన్నాళ్ళుగా మెట్లెక్కుతుంటే గుండె దడదడమని, ఉన్నట్టుండి ఒక్క క్షణం ఆగినట్టయి, మళ్ళీ దడదడమంటోంది. తెలిసీ ఊరుకున్నాను. ఇప్పుడు లేచి కూర్చుని, "ఆ పిల్ల చెప్పింది నిజమండీ, నేను బీపీ మనిషిని" అన్నానంటే టీచరైపోతాను. దూది ఉండలు నా కోసం కాచుక్కూర్చున్నాయి. నోరు మూసుకుంటే క్లాసు నాదే. కానీ నత్త తప్పుతుంది. అందరిలోకీ సరిగ్గా చేసినందుకే తప్పుతుంది. రేపు వార్డులో వేలికి తగిలింది వదిలేసి, కాగితంలో ఉన్నది రాసుకుంటుంది. ఆ ఆలోచనకే నాకు ఏడుపొచ్చింది.

రోగికి పాఠం తెలియదు. నొప్పి తెలుసు, భయం తెలుసు. తను చేసిన వెధవ పని కూడా తెలుస్తుంది కదా?

"అమ్మాయ్," అన్నాను. "నేను బీపీ మాత్ర మానేశాను. మా ఇంట్లో తెలీదు. నాకు భయంగా ఉంది."

పరీక్షాధికారి కాగితం అటూ ఇటూ తిప్పారు. అందులో ఆ ముక్క లేదు. అద్దం వెనక కుర్చీ పడిపోయిన చప్పుడయింది.

నత్త నా చెయ్యి వదల్లేదు. "మానేసి ఎన్నాళ్ళయింది?"

"నెల దాటింది."

"ఎందుకు మానేశారు?"

"కాళ్ళు వాస్తున్నాయని."

నత్త మొహం ఎర్రబడింది. చూపుడువేలు పైకి లేచింది. "వాస్తే డాక్టరుగారికి చెప్పాలి గాని, మీకు మీరే డాక్టరైపోతారా? చెప్తే ఇంకో మాత్ర రాసిస్తారు కదా! బుర్ర ఎక్కడ పెట్టుకున్నారు? ఇంత వయసొచ్చింది, మీకొకళ్ళు చెప్పాలా?"

ప్రతి ముక్కా నాదే. ఆ వేలు కూడా నాదే. అవి తగిలితే ఇంత మంటగా ఉంటాయని నాకు ఎవ్వరూ చెప్పలేదు. గుమ్మంలో ప్రిన్సిపాల్ గారు అటు తిరిగి దగ్గుతున్నారు, నవ్వాపుకోలేక.

నత్తకి ఎవరిని తిడుతోందో అప్పుడు గుర్తొచ్చినట్టుంది. వేలు దించేసుకుంది. నాడి మీద చెయ్యి మాత్రం తియ్యలేదు. "భయపడకండి. నేనిక్కడే ఉన్నాను," అని నాతో అని, పరీక్షాధికారి వైపు తిరిగింది. "డాక్టరుగారిని పిలిపించండి."

"ఇద్దరూ బ్రహ్మాండంగా నటిస్తున్నారు," అన్నారావిడ మురిసిపోతూ.

"నటన కాదండీ. మీరు పట్టుకుని చూడండి."

ఆవిడ వచ్చి నా రెండో మణికట్టు పట్టుకున్నారు. నిమిషమంతా పట్టుకున్నారు. కళ్ళజోడు తీసేసి, "స్ట్రెచర్ తెప్పించండి," అన్నారు. నేను నడిచొస్తానన్నాను. "పడుకోండి," అంది నత్త. పడుకున్నాను. వెళ్తూ వెళ్తూ స్ట్రెచర్ చక్రం అల్లుడి కాలి మీద నుంచి ఎక్కి దిగింది.

పక్కనే ఉన్న ఆసుపత్రిలో గుండె పరీక్షలన్నీ చేశారు. డాక్టరు మాత్ర మార్చి, ఇంకొన్నాళ్ళు ఇలాగే ఊరుకునుంటే పరిస్థితి చెయ్యి దాటిపోయేదన్నాడు. సాయంత్రం ప్రిన్సిపాల్ గారు చూడటానికొచ్చారు. ఈ రోగి ఒక్కసారి కూడా రోగి పాత్ర వదల్లేదని పరీక్షాధికారి చెప్పారట. నత్తకి ఆ మంచం దగ్గర పూర్తి మార్కులు. "స్టోర్స్ మాట మర్చిపోండి మేడమ్. ఆరోగ్యం చూసుకుని క్లాసుకి రండి," అన్నారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆయన వెళ్ళాక మా ఆయన వచ్చారు. చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉంది, పని మధ్యలో పరుగెత్తుకొచ్చినట్టున్నారు. నా వెంటే వచ్చిన నత్త ఆయనకి అన్నీ చెప్పేసింది. అరుస్తారనుకున్నాను. అరవలేదు. స్టూలు లాక్కుని, నాకెదురుగా కూర్చున్నారు.

"మాత్ర మానేసినప్పుడు నీకేమనిపించింది?"

"తిట్టెయ్యండి బాబూ," అన్నాను. "ఇది నేను పడలేను."

ఆయన తిట్టలేదు. అలా చూస్తూ కూర్చున్నారు. ఇక తప్పక నేనే మొదలుపెట్టాను. "మీకు చెబితే కంగారు పడతారని, క్లాసు మానేసి ఇంట్లో కూర్చోమంటారని..."

మంచానికి అటు పక్కన నా చెయ్యి పట్టుకుని నిలబడ్డ నత్త విసుక్కుంది. "మాట్లాడకండి మేడమ్, లెక్క తప్పుతోంది."

నోరు మూసుకున్నాను.