ప్రార్థన మనవి

కుడిచెయ్యి విరిగి కట్టుతో వచ్చిన వదినకి రోజూ పొద్దున్నే తల దువ్వాలి. జాకెట్టు తొడగాలి, టీ కప్పు నోటిదాకా పట్టాలి. "మెల్లగా! అది తల, కాళ్లు తుడుచుకునే పట్టా కాదు" అనిపించుకోవాలి. ఆ తర్వాతే తను పనిచేసే రక్తపరీక్షల ల్యాబుకి పరుగెత్తాలి.

అక్కని తీసుకొస్తున్నానని భర్త చెప్పాడే గాని అడగలేదు. భార్య మొహం చూసి, ఆదివారాలు చర్చిలో వాక్యం చెప్పే గొంతు పెట్టి, "శత్రువుల్ని ప్రేమించమన్నాడు ప్రభువు. నీకిదో మంచి అవకాశం" అన్నాడు. ఆయన మాత్రం సొంత తమ్ముడితో మాట మానేసి ఆరేళ్లు. అదేమిటంటే, "అది వేరే సంగతి." ఆ ఇంట్లో ప్రభువు ఆజ్ఞలన్నీ తిన్నగా వంటింట్లోకే వచ్చేవి, ముందుగదిలో ఒక్కటీ ఆగేది కాదు.

శత్రువన్న మాట మాత్రం నిజం. నాలుగో నెలలో కడుపు పోయి ఆమె ఇంకా మంచం దిగకముందే, స్త్రీల కూడికలో వదిన లేచి, "ఉద్యోగం మోజులో బిడ్డని పోగొట్టుకుంది. ఆమె మారుమనసు కోసం ప్రార్థించండి" అంది. నలభైమంది కళ్లు మూసుకుని ఆమెన్ అన్నారు. చాడీకి ముసుగేస్తే ప్రార్థన మనవి అవుతుందని ఆమెకి అప్పుడే తెలిసింది.

అయినా ప్రయత్నించింది. ఆమెకి ప్రభువంటే వేళాకోళం కాదు. బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి, "ఈమెని ప్రేమించే మనసివ్వు తండ్రీ" అని అడిగేది. ఇంటికొచ్చి, తను పెట్టిన ముద్ద నములుతూ ఆ దవడ ఆడటం చూస్తే రోత పుట్టేది. చేతులు మాట వినేవి, మనసు వినేది కాదు.

ఓ శనివారం దువ్వుతూ దువ్వుతూ అడిగేసింది. "వదినా, ఆ రోజు అలా ఎందుకన్నారు?"

"నేను కల్పించానా ఏంటి? నీ మొగుడే వచ్చాడు. 'నేనంటే బాగోదక్కా, నువ్వను. నలుగురూ మందలిస్తే ఉద్యోగం మానేస్తుంది' అన్నాడు." వదిన గొంతు తగ్గించింది. "ఇంటికెళ్లాక అన్నం సయించలేదే. నాకూ రెండు పోయాయి. నేనేం ఉద్యోగం చేశానని?"

ఆమె చిక్కు విడదీసి జడ అల్లింది. అడుగుతున్న ప్రేమ రాలేదు గాని, ఇన్నాళ్ల రోత ఆ తలమీంచి లేచి, ముందుగదిలో ప్రసంగం బట్టీ పడుతున్న గొంతు వైపు నడిచి వెళ్లింది.

మర్నాడు ఆయన తెల్లచొక్కా తెచ్చి ఆమె ఒళ్లో పడేశాడు. "త్వరగా ఇస్త్రీ చెయ్యి. ఈరోజు క్షమాపణ మీద చెప్తున్నా. నీ సంగతీ చెప్తాలే, అక్కని ఎలా చూసుకుంటున్నావో."

ఆమె చొక్కా తీసి కుర్చీ మీద పెట్టింది.

"శత్రువుని ప్రేమించడానికి ప్రయత్నిస్తాను. ఏళ్లు పట్టేలా ఉంది."

"అక్క మీద ఇంకా కోపమేనా?"

"శత్రువు వదిన కాదు, మీరే. ప్రేమించమన్నాడు ప్రభువు, కాదనను. చొక్కా ఇస్త్రీ చెయ్యమని మాత్రం అనలేదు."