అరవై రెండిళ్ల చిలక

నేను ఒక నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్‌ని. గిన్నె మీద గిన్నె ఎక్కించి, పైన మూత పెట్టి, రెండు పక్కలా పట్టీలు బిగిస్తే అది నేను. పేరు కావాలంటే పై గిన్నె మీద చదువుకోవచ్చు: "రాజలింగు – స్వరూప". కింద పెళ్లి తారీఖు. పేర్ల మధ్య ఒక చిలక. ఆ చిలక కోడిలా ఉంటుంది. ఈ మాట ముందే ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే నన్ను చూసిన ప్రతివాళ్లూ అదే అడిగారు.

నా పుట్టుకలో గొప్పేమీ లేదు. రేకుగా ఉన్నాను, యంత్రం ఒక్క గుద్దు గుద్దింది, గిన్నెనయ్యాను. పట్నంలో ఒక దుకాణంలో తాడుకు వేలాడుతుండగా పెళ్లయి పదకొండు రోజులైన జంట వచ్చింది. అమ్మాయి ఒక్కో క్యారియర్‌నీ గోటితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నది. నన్ను కొట్టి నవ్వింది.

"గిది మంచిగ పలుకుతాంది."

"అన్నం తినెటందుకా, భజన చేసెటందుకా?" అన్నాడు రాజలింగు.

"పేర్లు గూడ కొట్టియ్యాలె. ఇద్దరియి."

"తినేది నేనొక్కన్నే గద."

"వండేదెవరు?"

అతను జేబులో చెయ్యి పెట్టి డబ్బులు తీశాడు. పెళ్లయి పదకొండు రోజులకే మనిషి ఇంత నేర్చుకుంటాడని నాకు అప్పుడు తెలిసింది. పేర్లు కొట్టే అతను చిలకను ఊరికే వేస్తానన్నాడు. ఊరికే వేసినట్టే వేశాడు.

వాళ్ల ఊరు మొసలిరేవు. గోదావరి ఒడ్డున అరవై రెండిళ్లు. అక్కడ మొసలిని చూసినవాళ్లు ఎవరూ లేరు. రాజలింగు పడవ నడుపుతాడు. ఈ ఒడ్డు ఊరు, ఆ ఒడ్డు అడవి. రోజూ నేను అతనితో పడవెక్కేవాణ్ణి. పై గిన్నెలో అన్నం, రెండో దానిలో పప్పు, మూడో దానిలో కూర. నాలుగోది స్వరూప రాజ్యం. అందులో ఏం పెట్టేదో చెప్పేది కాదు. ఒకరోజు ఉడికించిన మక్కలు, ఒకరోజు బెల్లం గడ్డ, ఒకరోజు రెండు రేగుపళ్లు. ఎక్కువగా నువ్వుల ముద్ద. దానికోసం అతను నన్ను కింది నుంచి విప్పేవాడు. ముందు నాలుగో గిన్నె చూసుకుని, తనలో తాను నవ్వుకుని, మళ్లీ బిగించి, అప్పుడు అన్నం దగ్గరికి వచ్చేవాడు. నాతో పాటు పుట్టిన వెయ్యిమందిలో ఇంత తలకిందుల బతుకు ఎవరికీ ఉండి ఉండదు. నాకు బాగానే ఉండేది.

ఆ రోజుల్లో ఆ పడవలో అందరూ ఎక్కేవాళ్లు. కట్టెలవాళ్లు, మేకలు, ఒక్కోసారి దళంవాళ్లు, వాళ్లకోసం వెతికే పోలీసులు. దళం ఎక్కితే ఎందుకెక్కించావని పోలీసులు అడిగేవాళ్లు. పోలీసులు ఎక్కితే ఎందుకెక్కించావని దళం అడిగేది. దిగిపొమ్మని తుపాకీ పట్టుకున్నవాడితో ఎలా చెప్పాలో ఇద్దరూ చెప్పలేదు. పై ఊళ్లో అన్నం పెట్టినందుకు ఒకతన్ని పోలీసులు తీసుకుపోయారు, తిరిగి రాలేదు. అదే ఊళ్లో దారి చెప్పాడని ఇంకొకతన్ని దళం ఊరి నడుమ నిలబెట్టి కాల్చింది. ఇద్దరూ ఒకే వాడవాళ్లు. రెండిళ్ల మధ్య గోడ ఒక్కటే.

ఒక మధ్యాహ్నం దళంవాళ్లు ఐదుగురు అవతలి ఒడ్డున దిగుతూ నన్ను చూశారు. రాజలింగు నన్ను ఇంకా విప్పలేదు.

"అన్నా, రెండు దినాలాయె తినక. గిన్నె మల్ల తెచ్చిస్తం," అన్నాడు వాళ్ల నాయకుడు. మర్యాదగానే అన్నాడు. భుజం మీద తుపాకీ ఉన్న మర్యాద.

అడవిలో నన్ను విప్పింది ఒక అమ్మాయి. స్వరూప వయసే ఉంటుంది. ముందు చిలకను చూసింది.

"దాదా, గిది కోడా?"

అందరూ నవ్వారు. అన్నం ఐదు ముద్దలుగా పంచుకున్నారు. చివర్న ఆమెకు నాలుగో గిన్నె దొరికింది. నువ్వుల ముద్ద సగం కొరికి కళ్లు మూసుకుంది. మిగతా సగం రేపటికని మళ్లీ గిన్నెలోనే పెట్టి, నన్ను బిగించింది.

మర్నాడు పొద్దున కాల్పులు జరిగాయి. నేను బండ మీది నుంచి దొర్లి సొట్టపోయాను. నాలుగో గిన్నె మూడో దానిలో బిగుసుకుపోయింది. నలుగురు తప్పించుకున్నారు. ఆ అమ్మాయి లేవలేదు. ఒక కానిస్టేబులుకు తొడలో తూటా దిగింది.

పోలీసులకు దొరికిన వస్తువుల్లో చదవడానికి వీలైనది నేనొక్కణ్ణే. గంటలో ఎస్సై నన్ను పట్టుకుని మొసలిరేవు వచ్చాడు.

"ఈ రాజలింగు ఎవడు?"

ఎవడో అందరికీ తెలుసు. రాజలింగు ముందుకు వచ్చాడు. స్వరూప అతని చొక్కా వెనక పట్టుకుని ఉంది, చిన్నపిల్లలా. నేను ఎస్సై చేతిలో ఉన్నాను. జీవితంలో మొదటిసారి నా మీద పేరు లేకపోతే బాగుండుననిపించింది.

అప్పుడు రాజలింగు తల్లి ఓదెమ్మ మాట్లాడింది.

"సారూ, అది మాది అంటే మాది, కాదంటే కాదు. నా కొడుకు పెండ్లిల ఊరందరికి గిన్నెలు పంచినం. ఇంటింటికి ఉంటది ఆ పేరు. ఏ ఇంటి గిన్నెనో మాకెట్ల ఎరుక?"

పెళ్లిలో పేర్లు కొట్టించి గిన్నెలు పంచడం అక్కడ ఉన్నదే. ఓదెమ్మ పెళ్లిలో పంచినవి మాత్రం వక్కలు, పసుపు. ఊరంతా అక్కడే ఉంది. ఎవరూ కాదనలేదు.

ఎస్సై జీపు వైపు చూశాడు. అందులో తూటా తగిలిన కానిస్టేబులు ఉన్నాడు, బట్ట కప్పిన అమ్మాయి ఉంది. ఇంకొకరికి చోటు లేదు. ఒక మనిషి ప్రాణం అలా జీపులో చోటు మీద ఆధారపడింది. నన్ను హెడ్ కానిస్టేబులు నాంపెల్లి చేతిలో పెట్టాడు.

"ఇంటింటికీ తిరిగి చూడు. పొద్దు గూకేలోపు వస్తా. ఒక్క ఇంట్లో ఈ రాత లేకపోయినా ఇతన్ని తీసుకుపోతా."

జీపు పోయింది. నాంపెల్లికి రిటైరుమెంటు దగ్గర పడింది, మోకాళ్లు అంతకంటే ముందే రిటైరయ్యాయి. ఓదెమ్మ ఇంటి అరుగు మీద నన్ను పెట్టి, పక్కన తన అన్నం డబ్బా పెట్టి, టోపీ ముఖం మీద వేసుకున్నాడు.

"మోకాళ్లు గుంజుతున్నయి. ఒక్క కునుకు తీసి తిరుగుత," అని గట్టిగా చెప్పాడు. అంత గట్టిగా చెప్పి నిద్రపోయినవాణ్ణి నేను మళ్లీ చూడలేదు.

ఊళ్లో గిన్నెలకు కళాయి వేసే ఇస్మాయిల్ ఉన్నాడు. పేర్లు కూడా అతనే కొడతాడు. చిన్న సుత్తి, చిన్న ఉలి తెచ్చుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. నన్ను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఓదెమ్మక్కా, గిది కోడా?"

"చిలక రా."

"ఇట్లుంటదా చిలక?"

"నీకెందుకురా! ఎట్లుంటె అట్ల కొట్టు!"

మొదటి గిన్నె తెచ్చింది మొండయ్య. ఓదెమ్మ తమ్ముడే, కానీ పొలం గెట్టు తగాదాతో ఆరేళ్లుగా అక్కతో మాటల్లేవు. పెళ్లికి కూడా రాలేదు. ఇంట్లో ఉన్న అన్నిటికంటే పెద్ద గంజు భుజాన వేసుకుని వచ్చాడు. అక్క వైపు చూడకుండా ఇస్మాయిల్‌తో అన్నాడు:

"పెద్దగ కొట్టు. ఆ సారుకు కండ్లు కనవడకపోతె నా అల్లుడు పోతడు."

తర్వాత ఊరు కదిలింది. చెంబులు, తట్టలు, పళ్లేలు, బిందెలు వచ్చాయి. నేను లోకంలో ఇన్ని రకాలు ఉన్నాయని అప్పటివరకూ అనుకోలేదు. స్టీలు లేనివాళ్లు రాగి తెచ్చారు, రాగి లేనివాళ్లు సత్తు తెచ్చారు. ఏమీ లేని ఒక ముసలామె ప్లాస్టిక్ బకెట్ తెచ్చింది. దాని మీద కాల్చిన మేకుతో రాశారు. పొద్దు వాలుతుంటే, అన్నీ పూర్తికావని ఇస్మాయిల్ పేర్లు మాత్రం తను కొట్టి, చిలకను ఎవరికి వారే కొట్టుకోమన్నాడు. మేకులు పట్టుకుని అందరూ కూర్చున్నారు. కొందరి చిలక కొంగ అయింది, కొందరిది నెమలి. మొండయ్యది మేక. స్వరూప అందరి మధ్యా తిరుగుతూ ముక్కులు దిద్దింది. దిద్దుతూ దిద్దుతూ, అంత భయంలోనూ, ఒక్కసారి పగలబడి నవ్వింది. ఆ వెంటనే ఏడ్చింది. ఎవరూ అటు చూడలేదు, అందరికీ చిలకల పని ఉంది.

పొద్దు గూకే ముందు ఎస్సై వచ్చాడు. ఇంటింటికీ తనే తిరిగాడు. అరవై రెండిళ్లలోనూ రాజలింగు స్వరూపను పెళ్లి చేసుకునే ఉన్నాడు. ఒక రాగి బిందె దగ్గర ఎస్సై ఆగాడు.

"దీని మీద ఇంకెవరిదో పాత పేరు, తారీఖు కూడా ఉన్నాయి. యాభై ఏళ్ల నాటి బిందె. మొన్నటి పెళ్లిలో ఎలా పంచారు?"

"మంచిగ తోమి పంచినం సారు," అంది ఓదెమ్మ.

తిరిగి తిరిగి ఎస్సై అరుగు మీద కూర్చున్నాడు. నాంపెల్లి లేచి నిలబడి ఉన్నాడు. అతని అన్నం డబ్బా నా పక్కనే ఉంది. ఎస్సై దాన్ని అలా చేతిలోకి తీసుకున్నాడు. మూత మీద "రాజలింగు – స్వరూప", మధ్యలో చిలక. ఎదురుగా కనిపించిన ఏ గిన్నెనూ ఇస్మాయిల్ వదలలేదు.

ఎస్సై ఆ రాతను వేలితో తడిమాడు.

"నాంపెల్లీ, నువ్వు కూడా ఈ పెళ్లికి వెళ్లావా?"

నాంపెల్లి ఎదురుగా నిలబడ్డ ఊరిని చూశాడు. మేకులు పట్టుకున్న వేళ్లన్నీ నల్లగా ఉన్నాయి.

"పోయిన సార్. భోజనాలు మంచిగ పెట్టిన్రు."

ఎస్సై కాగితం మీద రాసుకున్నాడు: క్యారియర్ ఒకటి, యజమాని తెలియదు. నన్ను జీపులో వేశాడు. రాజలింగును వేయలేదు.

తర్వాతి నాలుగేళ్లు నేను స్టేషన్ గదిలో ఒక పగిలిన సైకిల్ పక్కన, మెడకు అట్ట ముక్కతో ఉన్నాను. ఊళ్లో ఏమైందో నాంపెల్లి కిటికీ దగ్గర అన్నం తింటూ తోటివాళ్లకు చెబుతుంటే విన్నాను.

నెల తిరక్కుండా దళం వచ్చిందట. పోలీసులకు దారి చెప్పింది పడవవాడేనని తేల్చుకుని వచ్చారట. ఊరిని కూర్చోబెట్టి, "రాజలింగును తీస్కరాండ్రి" అన్నారట. ఊరు ఇళ్లలోకి వెళ్లి గిన్నెలతో వచ్చింది.

"సదువుకోండ్రి బిడ్డా," అందట ఓదెమ్మ. "అన్నిటి మీద అదే పేరు. ఏ రాజలింగు కావాలె మీకు? ఒక్కణ్ణి తీస్కపోతె అరవై రెండిండ్లు తీస్కపోవాలె. తుపాకిల అన్ని గుండ్లున్నయా?"

నాయకుడు కోప్పడ్డాడట. మొండయ్య లేచి, మేక బొమ్మ ఉన్న గంజును అతని ముందు బోర్లించాడట. అన్నం పెట్టేది లేదనడానికి అక్కడ నోటితో చెప్పరు, గిన్నె బోర్లిస్తారు. ఒకటొకటిగా అరవై రెండూ బోర్లాపడ్డాయి.

"ఆకలైతె రాండ్రి, ఎవలకైన పెడతం," అందట ఓదెమ్మ. "ఆ తుపాకి అవుతల పెట్టి రాండ్రి. పోలీసులకూ గిదే మాట చెప్తం."

నాయకుడు పోతూ పోతూ ఆ అమ్మాయి గురించి అడిగాడట. ఆఖరుకు ఎవరైనా చూశారా అని. బట్ట కప్పి ఉందని చెప్పారట. మళ్లీ ఆ దళం మొసలిరేవు రాలేదు. వచ్చి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. నేనొక గిన్నెని, ధైర్యాన్ని ఎక్కువ చేసి చెప్పడం నాకు చేతకాదు.

నాలుగేళ్లకు కేసు కొట్టేశారు. యజమానికి వస్తువు తిరిగి ఇమ్మని కాగితం వచ్చింది. రిటైరయ్యే వారం ముందు నాంపెల్లి నన్ను పట్టుకుని రేవులో దిగాడు. రాజలింగు పడవ కడుతున్నాడు. ఒడ్డున స్వరూప ఉంది.

"నీదేనా?" అన్నాడు నాంపెల్లి. "పేరు చూపకు. ఆ పేరు నా డబ్బా మీద గూడ ఉన్నది. ఇంకేదన్న గుర్తు చెప్పు. కాయిదం మీద రాయాలె."

నాలుగేళ్లలో మొదటిసారి, నాది అని చెప్పడానికి ఆ ఊళ్లో ఒక మనిషికి భయం లేకపోయింది. రాజలింగు స్వరూప వైపు చూశాడు.

"నాలుగో గిన్నెల నువ్వుల ముద్ద ఉంటది."

ఆ గిన్నె ఇంకా బిగుసుకునే ఉంది. పడవ అంచుకేసి రెండు దెబ్బలు కొడితే ఊడింది. అడుగున నల్లగా, రాయిలా గట్టిపడి, ఒక ముక్క.

"సగమే ఉన్నది," అంది స్వరూప. "నువ్వు తిన్నవా ఆ దినం?"

"లే. విప్పకముందే పట్కపోయిన్రు."

ఆమె దాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. కొరికిన చోట పళ్ల గుర్తులు చిన్నవిగా, వరసగా ఉన్నాయి. నాంపెల్లి టోపీ తీశాడు. తర్వాత ఆమె మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, ఆ ముక్కను గోదావరిలో విడిచింది. ఇసుకతో నన్ను తోమింది. చిలక ముక్కు దగ్గర కాస్త ఎక్కువసేపు తోమింది.

నాంపెల్లి కాగితం మీద గుర్తు సరిపోయిందని రాసుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం అడవి ఒడ్డున రాజలింగు నన్ను ఎప్పటిలా కింది నుంచి విప్పాడు. నాలుగో గిన్నెలో ముద్దలు రెండున్నాయి. అతను ఒకటే తిన్నాడు.