కెంచమ్మ మెత్తబడిన ఎలక్షన్

మొదటిసారి నిలబడినప్పుడు కెంచమ్మకు నలభై మూడు ఓట్లు పడ్డాయి. అవి ఎవరెవరివో ఇంటింటి పేరూ చెప్పగలదు ఆమె.

పావగడ తాలూకా తిరుమణి పక్కనున్న ఆ ఊళ్లో సోలారు కంపెనీ కంచె పడిన రెండో యేడు అది. భూములున్న రైతులు పొలాలు కంపెనీకి కౌలుకిచ్చి, ఇంక మొగులు వైపు చూసే పని తప్పిందని నిమ్మళంగా ఉన్నారు. భూమి లేని వాళ్లకే తంటా. కలుపు లేదు, శెనక్కాయ పీకేది లేదు. పైగా గుట్ట కింద ఊరుమ్మడి మేతబీడు గోమాళానికి ఊరి గొర్రెలన్నీ పోయే బండిదావ కంచె లోపల పడిపోయింది. చుట్టూ తిరిగి పోతే మేసిన మేత కాస్తా నడకకే సరి.

కెంచమ్మకు గొర్రెలు లేవు. ఉన్నవి కూలి చేసే చేతులు, భయం లేని నోరు. ఆడవాళ్ల సీటులో పంచాయతీ మెంబరుగా ఉన్న భాగీరథమ్మ చనిపోయి ఉప ఎన్నిక వస్తే, తన వీధిలో నిలబడి ఒకటే మాట చెప్పింది. "దావ మనది. అడుగుదాం. ఇయ్యకుంటే కంచె కోద్దాం."

వరసకు మామ అయ్యే సుంకన్న, అరవై గొర్రెల కాపరి, మంద వదిలిపెట్టి మూడు రోజులు ఆమె వెంట తిరిగాడు. రైతుల వీధిలో మాత్రం ఆమె వస్తుంటే తలుపులు దగ్గరికేసుకున్నారు. ఓడిపోయింది. ఓడినా తలెత్తుకునే తిరిగింది.

రెండేండ్లకు పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఓటు కాగితం మీద పార్టీల గుర్తులుండవు గానీ ఎవరు ఏ పార్టీ మనిషో ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిసిన హోబళిలో పార్టీని నడిపే హనుమంతరాయప్ప ఒకరోజు స్కూటరు మీద కెంచమ్మ ఇంటికే వచ్చాడు. నలభై ఎకరాలు సోలారుకిచ్చిన మనిషి.

"నీ దగ్గర పేరుండాది, ఓట్లు లేవు. నా దగ్గర ఓట్లుండాయి, నిలబడే ఆడమనిషి లేదు" అన్నాడు. "అందుకే వచ్చినా."

"నేనేం చెయ్యాలప్పా?"

"మాట మెత్తగా ఉండాల. కంచె, కొడవలి, కోసేది, ఇవన్నీ ఇడిసిపెట్టు. అందరికీ మంచి జరగాలని చెప్పు. గరంగా మాట్లాడేవాళ్లను చూసి జనం చప్పట్లు కొడతారు, ఓటు మాత్రం భయం లేకుండా నిద్రపోనిచ్చేవాళ్లకే ఏస్తారు. గెలిచినాక నీ దావ సంగతి నేనే ముందర పడి మాట్లాడతా."

వాకిట్లో కూర్చుని అంతా విన్న సుంకన్న, ఆయన పోయినాక లోపలికొచ్చాడు. "మెత్తగా అడిగితే ఇచ్చేవాళ్లయితే మొదలే దావ మూసేటోళ్లు కాదు గదమ్మా" అన్నాడు.

"గరంగా అడిగి ఏం సాధిస్తిమి మామా? నలభై మూడు ఓట్లతో పంచాయతీ గడప కూడా తొక్కలేకపోతిమి. లోపలికి పోనీ ముందు."

సుంకన్న తల ఊపాడు. ఒప్పుకున్నట్టో, ఇంక చెప్పేదేమీ లేదన్నట్టో ఆమెకు తెలియలేదు.

ఈసారి రైతుల వీధిలో తలుపులు తెరిచారు. శ్రీరామప్ప ఇంట్లో కుర్చీ వేసి కూర్చోమన్నారు. ఆ ఇంటి చేలో పదేండ్లు కలుపు తీసింది కెంచమ్మ, గడప లోపలికి రావడం అదే మొదలు. కోడలు కాఫీ తెచ్చింది. కాఫీ చల్లారనిచ్చి శ్రీరామప్ప అడిగాడు. "ఏం కెంచమ్మా, గెలిస్తే కంచె కోస్తావంట గదా?"

కెంచమ్మ నవ్వింది. "ఎవరో గిట్టనోళ్లు చెప్పింటారులేప్పా. నేనెందుకు కోస్తా? కంపెనీ వచ్చినందుకే గదా ఊరు బాగుపడె."

ఆ రెండో ముక్క హనుమంతరాయప్ప చెప్పమన్నది కాదు. దానంతట అదే వచ్చింది, తియ్యగా. బయట అరుగు దగ్గర కరపత్రాలు పట్టుకుని నిలబడిన సుంకన్నకు వినపడే ఉంటుంది. ఆమె బయటికొచ్చేసరికి కరపత్రాలు అరుగు మీద రాయి బరువు పెట్టి ఉన్నాయి. ఆయన లేడు.

అవతలి పార్టీ కూడా తెలివైనదే. భరత్‌కుమార్ అని, పావగడలో డిగ్రీ చదివొచ్చినవాడు, తన పెండ్లాం నయనను నిలబెట్టాడు. నయన నోరు విప్పలేదు. మాట్లాడిందంతా భరత్‌కుమారే. కెంచమ్మ వీధిలోనే టెంపో ఆపి, "దావ మనది, కంచె కోద్దాం" అని మైకులో అరిచాడు. తన మాట పరాయి గొంతులో వింటూ కెంచమ్మ ఇంట్లో రొట్టె కాలుస్తూ కూర్చుంది. బయటికి పోయి ఏమని చెప్పాలి?

గెలిచింది. మూడు వందలకు పైన ఓట్లు. నయనకు యాభై చిల్లర. ఊరేగింపులో రైతుల కొడుకులు పటాకులు కాల్చి తన వీధి మలుపు దగ్గరికి తెచ్చారు. వీధిలో ఆడవాళ్లు వాకిళ్లలో నిలబడి చూశారు గానీ హారతి పట్టుకుని ఒక్కరూ రాలేదు. ఈ సంబరం తెచ్చిన మూడు వందల మందిలో తన వీధి వాళ్లు ఎంతమందో ఆమె లెక్క వేయదలచుకోలేదు.

మూడో మీటింగులో దావ మాట ఎత్తింది. మెంబర్లందరూ హనుమంతరాయప్ప వైపు చూశారు. ఆయన మెంబరు కాదు, అయినా పెద్దమనిషి హోదాలో ప్రతి మీటింగుకూ వచ్చి కిటికీ పక్కన కూర్చునేవాడు.

"చూద్దాంలే" అన్నాడు.

ఆరు నెలలకు మళ్లీ ఎత్తింది. అప్పుడు ఆయన ఆమెను పక్కకు పిలిచి, కోపం లేకుండానే చెప్పాడు. "కెంచమ్మా, నీకు ఓటేసినోళ్లెవరు? కంచె జోలికి పోదు ఈమె అని నమ్మి ఏసినోళ్లు. ఇప్పుడు పోతే వాళ్లను మోసం చేసినట్టు గాదా? కోస్తామన్నోళ్లూ నిలబడిరి. వాళ్లను జనం ఓడించిరి. జనం చెప్పింది నువ్వు వినాల గదా."

ఆయన చెప్పింది అబద్ధమైతే తిట్టుండేది.

ఆ అయిదేండ్లలో ఏమీ చెయ్యలేదని కాదు. వీధిలో మురుగు పోయే మోరీ కట్టించింది, రెండు కరెంటు దీపాలు వేయించింది. మొగుడు నల్లప్పకు ప్యానెళ్లు కడిగే పని దొరికింది. భరత్‌కుమార్ కంచె కోయలేదు. గెలుపోటములు తేలిన యేడాదికే కంపెనీలో గడ్డి కోసే కాంట్రాక్టు పట్టుకుని అదే కంచె గేటులో జీపు మీద పోయి వచ్చేవాడు.

నాలుగో యేడు వాన పడలేదు. సుంకన్న మందను అమ్మేశాడు. వ్యాపారి టెంపో వచ్చిందని తెలిసి కెంచమ్మ పరుగున పోయింది. ఒక్కో గొర్రెనూ నడుం పట్టి ఎత్తి లోపలికి తోస్తున్నాడు ముసలాయన.

"ఇంకో ఆర్నెల్లు ఆగుంటే మామా, నేను మళ్లీ అడుగుతాంటి."

"గొర్రెలు ఆగాల గదమ్మా" అన్నాడు. కసిరుంటే ఆమెకు బాగుండేది. టెంపో వెనక తలుపు కొక్కెం బిగుసుకుంటే, "కొంచెం పట్టు" అన్నాడు. ఇద్దరూ కలిసి తలుపు మూశారు.

ఇప్పుడు మళ్లీ ఎన్నికలు, ఈసారి సీటు ఆడవాళ్లది కాదు, ఎవరైనా నిలబడొచ్చు. హనుమంతరాయప్ప కెంచమ్మను ఇంటికి పిలిపించాడు. ఆయన పక్కనే కుర్చీలో భరత్‌కుమార్, మెడలో ఈ పార్టీ కండువానే.

"ఈసారి మన మనిషి భరతు" అన్నాడు హనుమంతరాయప్ప. "నువ్వు స్టేజీ మీద పక్కన కూర్చుంటే చాలు. కంపెనీ మీద గట్టిగా మాట్లాడేవాడు కావాల ఇప్పుడు. కౌలు పెంచకుంటే కంచె పీకేస్తామని చెప్పాల."

కెంచమ్మ అడిగింది. "మరి అప్పుడు నన్నెందుకు మెత్తబడమంటివప్పా?"

"అప్పుడు రైతులకు కౌలు యాడ పోతుందోనని భయముండె. ఇప్పుడు చాల్లేదని కోపముండాది. మెత్తనా, గట్టినా అనేది మనం తీర్మానం చేసేది కాదు. రైతుల ఎనకాల పోతే గెలుస్తాం, ముందర పోతే ఓడతాం. అంతే రాజకీయం."

"మావోళ్లకు అప్పుడే కోపముండె గదా."

"మీవోళ్ల కోపం ఎప్పుడూ ఉండేదే గదమ్మా" అన్నాడాయన, ఓదార్చే గొంతుతో. భరత్‌కుమార్ ఫోను చూసుకుంటున్నాడు.

స్టేజీ ఎక్కనని చెప్పి వచ్చేసింది. ఆ సాయంత్రం పక్కింటి ముత్తక్క దగ్గర కూర్చుని, ఒంటరిగా నిలబడతానంది. పాత మాటే, దావ మాటే చెప్తానంది.

ముత్తక్క చేటలో అలసందలు ఏరుతోంది. చెయ్యి ఆపలేదు. "నిలబడు. నా ఓటు నీకే. నువ్వు మోరీ కట్టిస్తివి, మరిసిపోము."

"దావ, ముత్తక్కా."

"ఇంగ ఆ దావన పోయేదానికి ఎవరి ఇంట్లో గొర్రెలుండాయి చెప్పు?"

కెంచమ్మ నామినేషను వెయ్యలేదు. కౌలుకివ్వని చేలు అరసికెరె వైపు ఇంకా ఉన్నాయి, శెనక్కాయ పీకే పని మొదలైంది. మెంబరుగిరీ వచ్చినప్పటి నుంచి కూలికి పోలేదు, నడుం ఒంగుతుందో లేదోనని భయపడింది. తెల్లారి ట్రాక్టరు వీధి చివర ఆగితే గంప పట్టుకుని ఎక్కింది. అప్పటిదాకా ట్రాలీలో ఆడవాళ్లు ఎలక్షన్ గురించి గట్టిగా వాదులాడుకుంటున్నారు. ఆమె ఎక్కగానే మాట ఆపి, మర్యాదగా జరిగి, మెంబరమ్మకు చోటిచ్చారు.