మనిషిని వదిలేశారు, నన్ను ఉంచేశారు

నేను ఒక ఆకురాయిని. జానెడు పొడవు, మూడు పలకలు, ఒళ్లంతా సన్నని పళ్లు. ఉక్కు కడ్డీని కాల్చి, గాట్లు పెట్టి, నీళ్లలో ముంచి నన్ను తయారుచేశారు. పల్నాడులోని ఒక చిన్న పట్నంలో సైకిలు షాపతను నన్ను మొదట కొన్నాడు. అతనికి ఓపిక తక్కువ. చేతికందిన ప్రతి ఇనప ముక్కనూ నాతో బరబరా రుద్దేవాడు. అతను షాపు మూసేసిన రోజున, పాత సామాను కుప్పలోంచి నన్ను ఏరుకుని తీసుకెళ్లిన మనిషి నాగుల్ మీరా.

నాగుల్ మీరా బస్టాండు పక్కన గొడుగు కింద కూర్చుని తాళంచెవులు చేసేవాడు. నన్ను రెండు వేళ్లతో తేలిగ్గా పట్టుకునేవాడు. నాలుగుసార్లు రుద్ది, వెలుతురుకు పెట్టి చూసి, మళ్లీ రెండుసార్లు రుద్దేవాడు. అతనికొక నియమం ఉండేది. తాళం కళ్లారా చూడందే తాళంచెవి చెయ్యడు. "తాళమన్నా ఇక్కడికి తే, లేకపోతే నన్నన్నా తాళం కాడికి తీసుకుపో" అనేవాడు, వచ్చింది ఎంతటివాడైనా సరే.

ఆ నియమం ఒక్కసారే తప్పాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకతను వచ్చి, సబ్బుబిళ్ల మీద తీసిన అచ్చు చూపించాడు. "మా పిన్నిగారింటికి ఒక్కటే తాళంచెవి ఉంది. రెండోది కావాలి. అచ్చు చూసి చెయ్యగల పనిమంతుడు ఈ ఊళ్లో నువ్వొక్కడివేనంట" అన్నాడు. గట్టి ఇనుమును కూడా అరగదీసే నాకు, మనిషి ఒక్క పొగడ్తకే ఇంత మెత్తబడతాడని అప్పటిదాకా తెలియదు. అరగంటలో తాళంచెవి తయారైంది.

వారం తిరక్కుండానే రిటైరైన హైమవతి టీచరుగారి ఇంట్లో దొంగతనం జరిగింది. ఆమె పెళ్లికని పొరుగూరు వెళ్లి వచ్చేసరికి బీరువాలోని నగలు లేవు. వీధి తలుపు తాళం మాత్రం వేసింది వేసినట్టే ఉంది. పోలీసులు నాగుల్ మీరానూ, పెట్టెతో సహా అతని పనిముట్లనూ స్టేషనుకు తీసుకెళ్లారు.

"ఆ ఇంటికి తాళంచెవి నువ్వే చేశావా?" అని ఎస్సై అడిగాడు.

"లేదు సార్. ఈమధ్య నేను తాళం చూడకుండా ఎవరికీ చెయ్యలా."

నేను బల్ల మీదే ఉన్నాను. అది అబద్ధమని నాకు తెలుసు. కానీ నన్నెవరూ అడగలేదు.

మర్నాడు అతని చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని, పిలిస్తే రావాలని చెప్పి ఇంటికి పంపేశారు. నాకు మాత్రం అట్టముక్క కట్టి, లక్క ముద్ర వేసి, జప్తు సామాను గదిలో పెట్టారు. నాకు ఏమీ అర్థం కాలేదు. రుద్దిన మనిషి బయట తిరుగుతున్నాడు, రుద్దించుకున్న నేను లోపల ఉన్నాను.

ప్రతి శుక్రవారం నమాజు కాగానే అతను స్టేషనుకు వచ్చేవాడు. "నన్ను వదిలేశారు కదయ్యా, నా సామాను కూడా ఇచ్చెయ్యండి. పని జరగట్లా" అని రైటరును బతిమాలేవాడు. "కేసు ముయ్యలేదయ్యా" అనేవాడు రైటరు. కేసు మూయకుండా మనిషినెలా వదిలారో నాగుల్ మీరాకు తెలియలేదు. నాకూ తెలియలేదు.

అయిదో నెలలో అలాగే వచ్చాడు. ఈసారి భార్య బీబీజాన్ కూడా వెంట ఉంది. రైటరు బతిమాలించుకోలేదు. కుర్చీ చూపించి, ఎస్సైని పిలిచాడు. ఇస్త్రీ చొక్కా మనిషి వేరే ఊళ్లో దొరికాడట. అతను టీచరుగారి అక్క కొడుకేనట. తాళంచెవి ఎవరు చేశారో కూడా చెప్పేశాడట. నన్ను గదిలోంచి తెచ్చి మళ్లీ బల్ల మీద పెట్టారు.

"నీ మీద ఛార్జిషీటు వేస్తున్నాం" అన్నాడు ఎస్సై.

నాగుల్ మీరా తెల్లబోయాడు. "అదేంది సార్? మీరే గదా వదిలేసింది! వదిలేసినాక మళ్లా కేసేంది?"

"అప్పుడు ఆధారం లేదు, వదిలాం. నువ్వు తప్పు చెయ్యలేదని మేం రాసివ్వలేదే. దర్యాప్తు నడుస్తూనే ఉంది. ఇప్పుడు ఆధారం దొరికింది. తప్పు చేశావో లేదో కోర్టు చెప్పాలి, మేం కాదు."

బీబీజాన్ మొగుడి వైపు తిరిగింది. "నువ్వు చెయ్యలేదని వీధి వీధంతా తిరిగి చెప్పానే. చేశావా?"

అతను బల్ల మీదున్న నా వైపు చూస్తూ అన్నాడు. "చేశా. దొంగతనానికని తెలవదు. చేశానంటే నన్నే దొంగంటారని భయపడ్డా."

ఆమె తిట్టలేదు, ఏడవలేదు. "మరి ఆ మాటే కోర్టులో చెప్పు" అంది. వాళ్లు పెట్టుకున్న వకీలు అనసూయమ్మ కూడా అదే చెప్పింది.

కోర్టులో నాకొక నంబరు ఇచ్చారు. నన్ను చేత్తో పట్టుకుని చూసినవాళ్లంతా ముఖాలు గంభీరంగా పెట్టారు. నా పళ్లలో ఏ నేరం కనబడిందో నాకైతే తెలియదు. నాగుల్ మీరా బోనులో నిలబడి అంతా చెప్పాడు, స్టేషనులో ఆడిన అబద్ధంతో సహా. విచారణ ఏడాదికి పైగా సాగింది. చివరికి, తాళంచెవి చేసింది అతనే అయినా తెలిసి దొంగకు సాయపడ్డాడని రుజువు కాలేదంటూ జడ్జిగారు అతన్ని నిర్దోషిగా విడిచిపెట్టారు. అక్క కొడుక్కి శిక్ష పడింది.

అప్పీలు గడువు దాటాక కోర్టులో నన్ను అతని చేతికిచ్చారు. లక్క ఊడదీసి, అతను నన్ను చొక్కా అంచుతో తుడుస్తుంటే హైమవతి టీచరుగారు వచ్చారు. దొరికిన నాలుగు నగలు తీసుకోవడానికి వచ్చారామె.

"నాగుల్ మీరా, ఇంటికి కొత్త తాళం వేశాను. రెండో తాళంచెవి కావాలి. చేసిస్తావా?"

"నేనా అమ్మా?" అన్నాడు.

"ఈ ఊళ్లో ఇంకెవరున్నారు?"

మర్నాడు ఉదయం ఆమె ఇంటి మెట్టు మీద కూర్చుని పని మొదలుపెట్టాడు. ఆమె పక్కనే నిలబడి చూస్తున్నారు. ఎప్పుడూ లేనిది, అతని చేతిలో నేను రెండుసార్లు పక్కకు జారాను. పనయ్యాక టీచరుగారు తాళంచెవి తీసుకుని తిప్పారు. తాళం తెరుచుకుంది. ఆమె తలుపు తోసి లోపలికి వెళ్లి, "రావయ్యా, మంచినీళ్లు తాగి వెళ్దువు" అన్నారు.

నాగుల్ మీరా నన్ను గట్టిగా పట్టుకుని గడప బయటే నిలబడ్డాడు. ఆమె రెండోసారి పిలిచేదాకా అడుగు ముందుకు వేయలేదు.